రక్తంలోని వృద్ధి కారకాలు: ఆయుష్షు అంచనాకు సరే, మందు ఎంపికకు?

క్యాన్సర్ కణితి తన పెరుగుదలకు కావలసిన సంకేతాలను తానే తయారు చేసుకుంటుందని, కొన్నింటిని చుట్టూ ఉన్న కణజాలం చేత చేయించుకుంటుందని, వాటిలో కొంత భాగం రక్తంలోకి చేరుతుందని తెలిసిన నాటి నుంచి పరిశోధకుల్లో ఒక ఆశ బలంగా ఉంది. వృద్ధి కారకాలు అనే ఈ ప్రోటీన్ల స్థాయిని కొద్దిపాటి రక్తంలో కొలిచి, రోగి ఎంతకాలం బతికే అవకాశం ఉందో, ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పగలిగితే చికిత్స తీరే మారిపోతుంది. ఈ ఆశతో గత మూడు దశాబ్దాల్లో లెక్కకు మిక్కిలిగా పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. అయినప్పటికీ, క్యాన్సర్ వార్డులో చేరిన రోగికి మామూలుగా రాసే రక్త పరీక్షల చీటీలో ఈ కారకాల పేర్లు కనిపించవు. ఇందుకు ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఈ పరీక్షలు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలవు, ఏ ప్రశ్నకు చెప్పలేవు అన్న విషయం పెద్ద క్లినికల్ ట్రయల్స్‌లో తేలిన తీరే అసలు కారణం.

కణాలను పెరగమని, విభజన చెందమని ఆదేశించే ప్రోటీన్లు ఉన్నాయని చూపినందుకు రీటా లెవీ-మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. క్యాన్సర్ విషయంలో ఎక్కువ చర్చ జరిగింది మాత్రం రక్తనాళాలను పెంచే కారకం గురించి. కొత్త రక్తనాళాలు మొలవకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగలేదని జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. 1983లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వొరాక్ బృందం గినీ పందుల్లో కణితి వల్ల పొట్టలో చేరిన నీటిని పరిశీలించి, రక్తనాళాల గోడల నుంచి ద్రవం ఊరేలా చేసే ఒక ప్రోటీన్‌ను గుర్తించింది. 1989లో నెపోలియన్ ఫెరారా బృందం విడిగా గుర్తించిన రక్తనాళ వృద్ధి కారకం, అంటే వీఈజీఎఫ్, అదే ప్రోటీన్ అని తర్వాత తేలింది. దీన్ని పట్టి బంధించే బెవాసిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు 2004 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. పెద్దపేగు క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన రోగుల్లో, కీమోథెరపీకి ఈ మందు తోడైనప్పుడు జీవితకాలపు మధ్యగతం (సగం మంది రోగులు దాటి బతికిన కాలం) 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరగడం ఆ అనుమతికి ఆధారం.

ఇక్కడి నుంచి ముందుకు సాగాలంటే రెండు ప్రశ్నలను వేరు చేసి చూడాలి. ఏ మందు ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా, ఈ రోగికి వ్యాధి ఎంత వేగంగా ముదురుతుంది అన్నది మొదటిది. దీనికి జవాబిచ్చే కొలతను రోగగతి సూచిక అనవచ్చు. ఫలానా మందు వల్ల ఈ రోగికి మిగతావారి కంటే ఎక్కువ మేలు జరుగుతుందా అన్నది రెండోది. దీనికి జవాబిచ్చేది చికిత్సా సూచిక. వార్తల్లోనూ, ఆసుపత్రుల ప్రచారంలోనూ ఈ రెండూ కలగలిసిపోతుంటాయి. మందు తీసుకున్న రోగులను మాత్రమే చూసి, వీఈజీఎఫ్ తక్కువగా ఉన్నవారు ఎక్కువ కాలం బతికారు కాబట్టి మందు వారికే పనిచేసిందని రాయడం తరచుగా కనిపించే పొరపాటు. మందు తీసుకోని రోగుల్లోనూ వీఈజీఎఫ్ తక్కువగా ఉన్నవారే ఎక్కువ కాలం బతికి ఉండవచ్చు. ప్లాసిబోను, అంటే మందు లేని ఉత్తుత్తి డోసును, ఇచ్చిన వర్గాన్ని పక్కన పెట్టుకుని పోల్చకుండా రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు.

ఆ పోలిక జరిగిన చోట ఫలితం స్పష్టంగా వచ్చింది. బెవాసిజుమాబ్‌పై పెద్దపేగు, ఊపిరితిత్తి, మూత్రపిండ క్యాన్సర్లలో జరిగిన నాలుగు మూడో దశ ట్రయల్స్ నుంచి 1,816 మంది రోగుల రక్త నమూనాలను పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. చికిత్సకు ముందు వీఈజీఎఫ్ ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం బతికారు. కానీ మందు వల్ల కలిగిన మేలు వీఈజీఎఫ్ ఎక్కువ ఉన్నవారికీ, తక్కువ ఉన్నవారికీ దాదాపు ఒకేలా ఉంది. కాలేయ క్యాన్సర్‌లో వీఈజీఎఫ్ మార్గాన్ని అడ్డుకునే సొరాఫెనిబ్ అనే మందును పరీక్షించిన షార్ప్ ట్రయల్‌దీ అదే కథ. అందులో 491 మంది రక్త నమూనాలను చూసినప్పుడు వీఈజీఎఫ్, రక్తనాళాల పెరుగుదలలో పాలుపంచుకునే యాంజియోపొయిటిన్-2 రెండూ ఎవరు త్వరగా చనిపోతారన్నది మిగతా అంశాలతో సంబంధం లేకుండా సూచించాయి. సొరాఫెనిబ్ ఎవరికి పనిచేస్తుందన్నది మాత్రం పరీక్షించిన కారకాల్లో ఒక్కటీ చెప్పలేకపోయింది.

రొమ్ము క్యాన్సర్ ఉదంతం మరింత వివరంగా చెప్పుకోదగ్గది. పాకిన రొమ్ము క్యాన్సర్‌కు బెవాసిజుమాబ్ వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వేగవంతమైన అనుమతి ఇచ్చింది. వ్యాధి ముదరడం కొంతకాలం ఆగుతోందే తప్ప ఆయుష్షు పెరుగుతున్నట్టు తర్వాతి ట్రయల్స్ చూపలేదు. రక్తస్రావం, తీవ్రమైన అధిక రక్తపోటు వంటి దుష్ఫలితాలు కూడా ఉండటంతో 2011 నవంబరులో ఆ అనుమతిని ఉపసంహరించారు. అందరికీ ఇస్తే సగటున మేలు తక్కువగా కనిపిస్తున్నా, కొందరికి నిజంగా మేలు జరుగుతోందేమో, వారిని ముందే గుర్తించగలిగితే మందు నిలబడుతుందేమో అన్న ఆలోచన అప్పుడు బలపడింది. దానికి ఆధారమూ దొరికింది. రొమ్ము క్యాన్సర్‌లో అవాడో, జీర్ణాశయ క్యాన్సర్‌లో అవాగాస్ట్, క్లోమ క్యాన్సర్‌లో అవిటా అనే ట్రయల్స్‌లో నిల్వ ఉంచిన ప్లాస్మాను కొత్త పరీక్షతో కొలిచారు. వీఈజీఎఫ్-ఏకు (ఇంతవరకు వీఈజీఎఫ్ అన్నది దీన్నే) ఉన్న రూపాల్లో పొట్టివి రక్తంలో సులువుగా తిరుగుతాయి. ఈ కొత్త పరీక్ష వాటిని మరింత బాగా పట్టుకుంటుంది. అలా కొలిచినప్పుడు వీఈజీఎఫ్-ఏ ఎక్కువగా ఉన్నవారికే బెవాసిజుమాబ్ మేలు ఎక్కువగా ఉన్నట్టు సంకేతాలు వచ్చాయి. పాత ట్రయల్స్‌లో దొరకనిది సరైన పరీక్షతో దొరికిందని చాలామంది నమ్మారు. ఆ నమ్మకం అసమంజసమైనదేమీ కాదు.

అయితే ఇవన్నీ ట్రయల్ ముగిశాక ఫ్రీజర్‌లోని నమూనాలను తీసి చేసిన విశ్లేషణలు. వాటి బలం తేలాలంటే ముందుగానే వీఈజీఎఫ్-ఏ కొలిచి, ఎక్కువ, తక్కువ అని విభజించి, రెండు వర్గాల్లోనూ కొందరికి మందు, కొందరికి ప్లాసిబో ఇచ్చి చూడాలి. మెరిడియన్ ట్రయల్ అచ్చంగా అదే చేసింది. పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 481 మందికి పాక్లిటాక్సెల్ అనే కీమోథెరపీ మందుతో పాటు బెవాసిజుమాబ్ లేదా ప్లాసిబో ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. వ్యాధి ముదరకుండా గడిచిన కాలపు మధ్యగతం 8.8 నెలల నుంచి 11 నెలలకు పెరిగింది, అంటే మందు పనిచేసింది. ప్లాసిబో వర్గంతో పోలిస్తే వ్యాధి ముదిరే ముప్పు ఎంత ఉందో చెప్పే హజార్డ్ రేషియో (1 కంటే ఎంత తగ్గితే మేలు అంత ఎక్కువ) మొత్తం రోగుల్లో 0.68, వీఈజీఎఫ్-ఏ ఎక్కువ ఉన్న వర్గంలో 0.64. ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా స్వల్పం. వీఈజీఎఫ్-ఏ స్థాయిని బట్టి మందు ప్రభావం మారుతోందని చెప్పడానికి గణాంకపరంగా ఏ ఆధారమూ దొరకలేదు. మూడు ట్రయల్స్‌లో ఒకే దిశగా కనిపించిన సంకేతం, దాన్ని పరీక్షించడానికే రూపొందించిన ట్రయల్‌లో నిలబడలేదు. రక్త సూచికల పరిశోధనలో ఇంత శ్రమతో, ఇంత నిజాయితీగా ఒక ఆశను పరీక్షకు పెట్టిన సందర్భాలు తక్కువ. వ్యతిరేక ఫలితం ఇచ్చినా మెరిడియన్ విలువైన ట్రయల్ కావడానికి కారణం అదే.

రోగగతిని చెప్పగలిగిన కారకం మందు ఎంపికలో ఎందుకు ఉపయోగపడదు? రక్తంలో ఆ ప్రోటీన్ ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో జవాబు కొంతవరకు ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరిగితే వరద వచ్చిందని తెలుస్తుంది గానీ, ఆ నీరు మున్నేటి నుంచి వచ్చిందో, పులిచింతల నుంచి వదిలారో ఆ ఒక్క కొలత చెప్పదు. రక్తంలోని వీఈజీఎఫ్ కూడా అంతే. కొంత కణితి నుంచి, కొంత ఆక్సిజన్ సరిగా అందని కణజాలం నుంచి, కొంత వాపు ఉన్నచోటి తెల్ల రక్తకణాల నుంచి, చాలా భాగం ప్లేట్‌లెట్ల నుంచి వస్తుంది. మొత్తం ఎక్కువగా ఉందంటే శరీరంలో వ్యాధి భారం ఎక్కువగా ఉందని అర్థం. కణితిలోని రక్తనాళాలు వీఈజీఎఫ్‌పైనే ఆధారపడి బతుకుతున్నాయా, లేక మరో దారి వెతుక్కున్నాయా అన్నది ఆ మొత్తంలో తెలియదు.

ప్లేట్‌లెట్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పరిశోధన పత్రాల మధ్య వైరుధ్యాల్లో పెద్ద వాటా దీనిదే. రక్తం తీసే టెక్నీషియన్ ఎర్ర మూత ట్యూబులో పోస్తే అది గడ్డకడుతుంది, పైన తేరిన ద్రవం సీరమ్. ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబులో పోస్తే గడ్డకట్టదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన మిగిలేది ప్లాస్మా. గడ్డకట్టే సమయంలో ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్న వీఈజీఎఫ్‌ను బయటికి వదులుతాయి. కాబట్టి ఒకే మనిషి నుంచి, ఒకే సూదితో, ఒకే నిమిషంలో తీసిన రక్తంలోనే సీరమ్ వీఈజీఎఫ్ ప్లాస్మా కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. ప్లాస్మా తీసినా ఇబ్బంది పూర్తిగా తీరదు. ట్యూబును గంటల తరబడి బల్లమీద వదిలేసినా, ప్లేట్‌లెట్లు పూర్తిగా దిగేంత గట్టిగా తిప్పకుండా ఫ్రీజర్‌లో పెట్టినా, మిగిలిన ప్లేట్‌లెట్లు పగిలి కొలతను పెంచేస్తాయి. టీజీఎఫ్-బీటా వంటి ఇతర కారకాలకూ ఇదే చిక్కు ఉంది. హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చిన రోగిలో కాలేయ కణ వృద్ధి కారకం, అంటే హెచ్‌జీఎఫ్, రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. దానికీ క్యాన్సర్ ముదరడానికీ సంబంధం లేదు.

దీని పర్యవసానం గమనించదగ్గది. కీమోథెరపీ తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వాటితోపాటు సీరమ్ వీఈజీఎఫ్ కూడా పడిపోతుంది. ఆ తగ్గుదలను చూసి కణితి లొంగిందని అనుకుంటే తప్పు. బెవాసిజుమాబ్ ఇచ్చినప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. మందుకు అతుక్కున్న వీఈజీఎఫ్ రక్తంలో ఎక్కువ కాలం నిలిచిపోతుంది కనుక, అతుక్కున్నదాన్నీ విడిగా ఉన్నదాన్నీ కలిపి లెక్కించే పరీక్షలో మొత్తం పెరిగినట్టు చూపిస్తుంది. ఇక సీరమ్ వీఈజీఎఫ్‌కూ రోగి ఆయుష్షుకూ కనిపించే సంబంధంలో ఎంత భాగం నేరుగా ప్లేట్‌లెట్ల సంఖ్యదే అన్న ప్రశ్న కూడా ఉంది. అండాశయ క్యాన్సర్‌పై 2012లో వెలువడిన అధ్యయనం ఒక గొలుసును చూపింది. కణితి ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది, దానికి స్పందించి కాలేయం థ్రాంబోపొయిటిన్ అనే వృద్ధి కారకాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది, దాంతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, అలా పెరిగిన రోగుల ఆయుష్షు తక్కువగా ఉంటుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య ఏ చిన్న పట్టణంలోని ల్యాబ్‌లోనైనా చేసే సీబీసీ పరీక్షలోనే ఉంటుంది. ఖరీదైన కొత్త పరీక్ష దానికి మించి ఏం చెబుతోందో చూపకుండా, ఆయుష్షుతో సంబంధం ఉందని మాత్రం చెబితే రోగికి ఒరిగేదేమీ లేదు.

వృద్ధి కారకం ఎక్కువైతేనే ప్రమాదం అన్న సాధారణ ఊహను కాలేయ క్యాన్సర్ మరో రకంగా సవరిస్తుంది. ఇన్సులిన్‌ను పోలిన ఐజీఎఫ్-1 రక్తంలో ఎక్కువ భాగం కాలేయం నుంచే వస్తుంది. హెపటైటిస్ వల్లనో, మద్యం వల్లనో అప్పటికే చెడిపోయిన కాలేయంలో క్యాన్సర్ వచ్చినప్పుడు ఐజీఎఫ్-1 తగ్గిపోతుంది, ఎంత తగ్గితే ఆయుష్షు అంత తక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ కొలత కణితి ఉద్ధృతిని కాకుండా కాలేయంలో మిగిలిన శక్తిని చూపుతోంది. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు దీన్ని తెలివిగా వాడుకున్నారు. కాలేయ స్థితిని అంచనా వేసే చైల్డ్-ప్యూ స్కోరులో పొట్టలో నీరు, మెదడు మందగించడం అనే రెండు అంశాలు వైద్యుడి అంచనా మీద ఆధారపడతాయి. వాటి స్థానంలో ఐజీఎఫ్-1 కొలతను పెట్టి కొత్త స్కోరును ప్రతిపాదించారు. వృద్ధి కారకాన్ని రోగి శరీర స్థితికి కొలమానంగా ఒప్పుకుని వాడటం ఈ రంగంలో అత్యంత సమంజసమైన ప్రయత్నాల్లో ఒకటి. కాకపోతే పోషకాహార లోపంలోనూ ఐజీఎఫ్-1 తగ్గుతుంది.

పరిశోధన పత్రాలు చదివేటప్పుడు గణాంకాల వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. ఎంత ఉంటే ఎక్కువ, ఎంత ఉంటే తక్కువ అన్న కటాఫ్‌ను ముందుగా నిర్ణయించకుండా, ఉన్న రోగుల్లోనే రకరకాల అంకెలు వేసి చూసి, తేడా అతి ఎక్కువగా కనిపించే చోట గీత గీయడం ఈ రంగంలో పాత అలవాటు. అలా వెతికితే అసలు ఏ సంబంధమూ లేని కొలతకు కూడా సంబంధం ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 40 శాతం దాకా పెరగగలదని డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు 1994లోనే చూపించారు. పత్రాల ఎంపికలోనూ పక్షపాతం ఉంది. క్యాన్సర్ రోగగతి సూచికలపై వచ్చిన వ్యాసాలను 2007లో పరిశీలిస్తే నూటికి 90కి పైగా ఏదో ఒక సానుకూల ఫలితాన్ని ప్రకటించినవే. ప్రకృతిలో ఇన్ని సూచికలు నిజంగా ఉండి ఉంటే ఆసుపత్రుల్లో ఈపాటికి వాటితోనే చికిత్స నడిచేది. సూచికల అధ్యయనాలను ఎలా రాయాలో, ఏయే వివరాలు దాచకూడదో చెప్పే రిమార్క్ మార్గదర్శకాలు 2005లో వచ్చాయి. అందులోని నియమాలను పాటించని పత్రం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దాని మీద ఆధారపడి రోగికి మాట చెప్పకూడదు.

ఇంకో పోలిక కూడా తప్పదు. శరీరంలో వాపును చూపే సీఆర్‌పీ, కాలేయం తయారు చేసే ప్రోటీన్ ఆల్బుమిన్ అనే రెండు మామూలు పరీక్షలతో కట్టిన గ్లాస్గో రోగగతి స్కోరు చాలా రకాల క్యాన్సర్లలో ఆయుష్షును బాగానే అంచనా వేస్తుంది. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటడం, ఆల్బుమిన్ 35 గ్రాముల కంటే తగ్గడం చెడు సంకేతాలు. చర్మపు మెలనోమా పాకిన దశలో దెబ్బతిన్న కణాల నుంచి రక్తంలోకి చేరే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ స్థాయి అధికారిక దశల వర్గీకరణలోనే భాగం. కొత్త వృద్ధి కారకం ఏదైనా వీటన్నిటికీ తోడు చేర్చాక అంచనా ఎంత మెరుగుపడిందో చూపాలి. ఎంత మెరుగుపడినా అది రోగుల సమూహం గురించిన అంచనాయే అవుతుంది. మధ్యగతం 10 నెలలు అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారని కూడా అర్థం. ఇంటివాళ్లు అడిగినప్పుడు ఈ రెండో సగం గురించి చెప్పని వైద్యుడు అంకెను సగమే చెప్పినట్టు.

వీఈజీఎఫ్ మార్గాన్ని అడ్డుకునే మందుకు రోగులను ఎంచే పనిలో నెగ్గిన రక్త పరీక్ష ఒకటి ఉంది. అది వృద్ధి కారకం కాదు, కాలేయ క్యాన్సర్‌లో ఎప్పటి నుంచో కొలుస్తున్న ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్. ఆ మందు పేరు రాముసిరుమాబ్. కాలేయ క్యాన్సర్‌లో దాని మొదటి ట్రయల్ మొత్తం మీద విఫలమైనా, ఏఎఫ్‌పీ మిల్లీలీటరుకు 400 నానోగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారిలో మేలు కనిపించింది. అలాంటి 292 మందితోనే రీచ్-2 ట్రయల్ జరిపితే జీవితకాలపు మధ్యగతం 7.3 నుంచి 8.5 నెలలకు పెరిగింది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెరుగుదల స్వల్పమే అయినా, ముందు ఊహించి, తర్వాత విడి ట్రయల్‌లో నిరూపించిన క్రమం మాత్రం సరైనది.

ప్రస్తుతం వృద్ధి కారకాల్లో నిజమైన ఆశ పెట్టుకోదగ్గది జీడీఎఫ్-15. టీజీఎఫ్-బీటా కుటుంబానికి చెందిన ఈ ప్రోటీన్‌ను 1997లో సిడ్నీలోని శామ్యూల్ బ్రైట్ బృందం వర్ణించింది. అనేక క్యాన్సర్లలో ఇది ఎక్కువగా ఉన్నవారి ఆయుష్షు తక్కువగా ఉంటుందన్నది చాలాకాలంగా తెలిసినదే. ఎందుకన్నది 2017లో తెలిసింది. నాలుగు పరిశోధక బృందాలు విడివిడిగా దీని సంకేతాన్ని అందుకునే గ్రాహకం జీఫ్రాల్‌ను గుర్తించాయి. అది మెదడు కాండంలో, వాంతిని, ఆకలిని నియంత్రించే చోట ఉంటుంది. జీడీఎఫ్-15 అక్కడికి చేరితే ఆకలి చచ్చిపోతుంది, వికారం పుడుతుంది, ఒంట్లో కండ కరిగిపోతుంది. క్యాన్సర్ రోగి రోజురోజుకూ చిక్కిపోవడానికి, ఇష్టంగా వండిపెట్టిన పప్పన్నం కూడా రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరపడానికి ఇది ఒక ముఖ్య కారణం. అంటే ఈ కారకం వ్యాధి తీవ్రతను చూపడంతో ఆగక, రోగిని కుంగదీయడంలో తానే పాలు పంచుకుంటోంది.

అలాంటప్పుడు కొలతకూ చికిత్సకూ మధ్య సంబంధం సహజంగా ఏర్పడుతుంది. జీడీఎఫ్-15ను బంధించే పాన్‌సెగ్రొమాబ్ అనే యాంటీబాడీపై జరిగిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2024 సెప్టెంబరులో వచ్చాయి. ఊపిరితిత్తి, క్లోమ, పెద్దపేగు క్యాన్సర్లతో చిక్కిపోతున్న 187 మందిని తీసుకున్నారు. రక్తంలో జీడీఎఫ్-15 మిల్లీలీటరుకు కనీసం 1,500 పికోగ్రాములు ఉండాలన్నది చేరికకు షరతు. 12 వారాల తర్వాత 400 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారి బరువు ప్లాసిబో వర్గంతో పోలిస్తే 2.81 కిలోలు ఎక్కువగా ఉంది. ఆయుష్షు పెరిగిందని ఈ ట్రయల్ చెప్పలేదు, అందుకు పెద్ద ట్రయల్స్ కావాలి. అయితే చిక్కిపోవడం ఆగితే కీమోథెరపీని తట్టుకునే శక్తి మిగులుతుంది, మనిషికి మనిషిలా ఉన్న భావన మిగులుతుంది. అదే చిన్న లాభం కాదు.

ఈ పరీక్ష తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల దాకా వచ్చే రోజుకు ఒక సంగతి ముందే గుర్తుంచుకోవాలి. మధుమేహానికి రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర జీడీఎఫ్-15ను పెంచుతుంది. గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు, పొగతాగడం, వయసు మీదపడటం కూడా పెంచుతాయి. సిస్‌ప్లాటిన్ వంటి కీమోథెరపీ మందులూ అదే చేస్తాయి. గర్భిణుల్లో ఇది సహజంగానే బాగా ఎక్కువగా ఉంటుంది, తీవ్రమైన వేవిళ్లకు దీనితో ఉన్న సంబంధం 2023లో వెల్లడైంది. యాభై దాటిన క్యాన్సర్ రోగుల్లో షుగర్ మాత్రలు వేసుకునేవారు ఎందరో ఉన్న మన చోట, 1,500 అనే అంకెను ఏ సవరణా లేకుండా తెచ్చి వాడితే ఆ రిపోర్టు క్యాన్సర్ గురించి చెబుతోందో, మెట్‌ఫార్మిన్ గురించి చెబుతోందో తేల్చుకోవడం కష్టం. అందుకే నమూనాతో పాటు ల్యాబ్‌కు వెళ్లే చీటీలో రోగి వాడుతున్న మందుల జాబితా, క్రియాటినిన్ విలువ, చివరి కీమోథెరపీ తేదీ, రక్తం ఏ ట్యూబులో, ఎన్ని గంటలకు తీశారన్న వివరం తప్పనిసరిగా ఉండాలి. ఇక్కడి రోగుల్లో, ఇక్కడి మధుమేహుల్లో ఈ కారకం మామూలుగా ఎంత ఉంటుందో కొలిచే పని పరీక్ష మార్కెట్లోకి రాకముందే జరగాలి.